సవారీ కూడా హక్కేనా?

ఒక మనిషికి ఫలానా హక్కు ఉందని మనం ఒప్పుకున్నాం. కాగితం మీద రాసి, ముద్ర వేసి అతని చేతికి ఇచ్చాం. కానీ ఆ హక్కు ఉన్న చోటికి చేరే దారి అతనికి లేదు. అప్పుడు మనం అతనికి హక్కు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో వృద్ధాప్యంలో ఉన్న మాజీ సైనికులకు ఇది నెలనెలా ఎదురయ్యే ప్రశ్న. వారికి చికిత్స ఉచితం, మందులు ఉచితం. కానీ చికిత్స జరిగే చోటికి తీసుకువెళ్ళే బండి ఉచితం కాదు. ఒక్కోసారి బండే ఉండదు. ఈ విషయంలో ధర్మం ఏమంటుంది? రోగిని వైద్యుని వద్దకు చేర్చడం దయగల వారు చేసే ఉపకారమా, లేక చెల్లించి తీరవలసిన బాకీయా? ఈ వ్యాసంలో దీన్నే పరిశీలిద్దాం.

పరిస్థితి ఏమిటి?

మాజీ సైనికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2003 ఏప్రిల్ 1న ఒక ఆరోగ్య పథకాన్ని ప్రారంభించింది. ఇ.సి.హెచ్.ఎస్. అని అందరూ పిలిచేది దీన్నే. పింఛను పొందే సైనికుడు, అతనిపై ఆధారపడిన కుటుంబ సభ్యులు ఇందులో సభ్యులు కావచ్చు. మొదట దేశం మొత్తానికి 227 పాలీక్లినిక్‌లు మంజూరయ్యాయి. 2010లో మరో 199 మంజూరు చేశారు. మన వైపు కరీంనగర్‌లో ఒక పాలీక్లినిక్ ఉంది. పెద్ద జబ్బులకు సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ ఆసుపత్రికో, పథకం గుర్తించిన ప్రైవేటు ఆసుపత్రులకో పంపిస్తారు.

పథకం మంచిదే. దాన్ని తక్కువ చేసి చూపడం మా ఉద్దేశ్యం కాదు. అయితే మన నేల విస్తీర్ణాన్ని ఒకసారి చూడండి. 2016 అక్టోబర్ 11న జిల్లాలను విభజించినప్పుడు పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమరంభీం ఆసిఫాబాద్. పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరు కార్యాలయం దగ్గరయింది. కానీ పాలీక్లినిక్ దూరం ఒక్క మైలు కూడా తగ్గలేదు. ఆదిలాబాద్ పట్టణం నుండి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుండి సుమారు 160. ఉట్నూరు, సిర్పూరు వైపు ఊళ్ళలో ఉండేవారు ముందు పెద్ద రోడ్డుకు చేరాలి. ఆ తర్వాతే మిగతా ప్రయాణం.

ఇక వయసు సంగతి. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ళ సిపాయిగా ఉన్నవాడు నేడు డెబ్బయి దాటిన వృద్ధుడు. సిపాయి ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే ఉద్యోగం నుండి బయటికి వస్తాడు. జబ్బులు ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు వస్తాయి. షుగరు, బి.పి., కీళ్ళనొప్పులు, ఫిరంగుల మోతకు దెబ్బతిన్న చెవులు, మసకబారిన కళ్ళు. మందులకు నెలనెలా వెళ్ళాలి. నిపుణుని వద్దకు వెళ్ళాలంటే సాధారణంగా ముందు పాలీక్లినిక్‌లో రెఫరల్ చీటీ తీసుకోవాలి, ఆ తర్వాత నగరానికి పోవాలి. అంటే ఒకే జబ్బుకు రెండు ప్రయాణాలు. వెంట కొడుకో, మనుమడో రావాలంటే వాళ్ళ ఒక రోజు కూలి పోతుంది. కొడుకు గల్ఫ్‌లో ఉంటే ఆ తోడు కూడా లేదు.

108 ఉంది కదా అంటారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సర్వీసు ఎన్నో ప్రాణాలను కాపాడింది. కానీ అది ప్రాణాపాయంలో ఉన్నవారి కోసం. వచ్చే మంగళవారం పదిగంటలకు కంటి డాక్టరును కలవాల్సిన వృద్ధుని కోసం కాదు. పైగా అది ఆసుపత్రికి తీసుకువెళుతుంది, తిరిగి ఇంటికి తీసుకురాదు. బిగ్గరగా అరిచే జబ్బుకు బండి ఉంది, మౌనంగా తినేసే జబ్బుకు బండి లేదు. షుగరు వల్ల కాలికి పుండు పడినవాడు మూడు నెలలు ప్రయాణం వాయిదా వేస్తే, నాలుగో నెలలో అతడూ 108కు అర్హుడవుతాడు. అప్పటికి కాలు మిగలకపోవచ్చు.

మరో విషయం చూడండి. 2023 డిసెంబర్ 9 నుండి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమయింది. ఇది పేద కుటుంబాలకు పెద్ద ఊరట. మాజీ సైనికుని భార్య ఆసుపత్రికి వెళితే ఆమెకు టికెట్ అక్కరలేదు. ప్రక్క సీట్లో కూర్చున్న ఆయన మాత్రం టికెట్ కొనాలి. ఆమెకు ఇచ్చింది తప్పని కాదు. దారి ఖర్చు ఒక మనిషిని ఇంట్లోనే కట్టిపడేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నదని చెప్పడానికి ఈ మాట అంటున్నాం.

ఖుర్‌ఆన్ గుర్తుంచుకున్న కన్నీరు

ప్రయాణ సాధనం లేకపోవడం కూడా ఒక బాధేనా అని అడిగేవారు దివ్య ఖుర్‌ఆన్‌లోని తౌబా సూరాను (9:91-92) ఒకసారి చదవాలి.

హిజ్రీ 9వ సంవత్సరం, అంటే క్రీ.శ. 630. తబూక్ ప్రయాణానికి పిలుపు వచ్చింది. తీవ్రమైన ఎండలు, దూర ప్రయాణం, చేతిలో ధనం లేని కాలం. అందుకే ఆ సైన్యానికి కష్టకాలపు సైన్యమని పేరు. అప్పుడు కొందరు నిరుపేద సహచరులు మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దకు వచ్చి తమకు సవారీ ఇప్పించమని కోరారు. ఇవ్వడానికి ఆయన వద్ద ఏమీ లేదు. ఆ మాట విని వారు వెనుదిరిగారు. వారి కళ్ళు నీళ్ళతో పొంగిపొర్లాయి. చరిత్రలో వారికి ‘బక్కాయీన్’, అంటే ‘విలపించినవారు’ అనే పేరే మిగిలిపోయింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, దైవం వారిని తప్పుపట్టలేదు. బలహీనులను, రోగులను, ఖర్చుకు లేనివారిని నింద నుండి మినహాయించిన చోటే, సవారీ దొరకని వారిని కూడా విడిగా పేర్కొని మినహాయించాడు. అంటే సవారీ లేకపోవడం రోగంలాంటిదే, పేదరికంలాంటిదే, ఒక నిజమైన అశక్తత. అది సాకు కాదు. రెండవది, ఆ కన్నీటిని ప్రళయం దాకా చదవబడే గ్రంథంలో భద్రపరిచాడు. ఒక బండి దొరకని మనిషి దుఃఖం దైవం దృష్టిలో అంత విలువైనది.

ఆ తర్వాత ఏం జరిగింది? సీరత్ గ్రంథాల ప్రకారం, వారిలో ఇద్దరికి ఒక సోదరుడు తన ఒంటెను ఇచ్చాడు. ఇద్దరూ వంతులవారీగా దానిపై ప్రయాణించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ సైన్యం కోసం జీను సామగ్రితో సహా 300 ఒంటెలను ఇచ్చారు. వందల ఒంటెలు ఇవ్వగలిగిన వాడు వందలు ఇచ్చాడు, ఒక్కటి ఉన్నవాడు ఒక్కటి ఇచ్చాడు. సవారీ ఇవ్వడమన్నది ఆ సమాజంలో అందరికీ అర్థమయిన పుణ్యకార్యం.

ఆనాడు సైనికునికి సవారీ కావలసింది యుద్ధానికి వెళ్ళడానికి. ఈనాడు మన ఊరి ముసలి సైనికునికి కావలసింది వైద్యుని వద్దకు వెళ్ళడానికి. సైన్యంలోకి పిలిచిన రోజు రైలు వారెంటు ఇచ్చి పంపిన లోకం, ఆయన శరీరం అరిగిపోయిన రోజున నీ దారి నువ్వే చూసుకో అనడం న్యాయమా?

స్తోమత అంటే చేతిలో ధనమొక్కటేనా?

ఇప్పుడు ధర్మశాస్త్ర పండితులు ఈ విషయాన్ని ఎలా ఆలోచించారో చూద్దాం. హజ్ ఆరాధనను దైవం స్తోమత గలవారిపై మాత్రమే విధి చేశాడు (3:97). ఆ స్తోమతకు ‘ఇస్తితాఅత్’ అని పేరు. పండితుల్లో అత్యధికులు దీనికి ‘జాద్’, ‘రాహిలా’ అని వివరణ ఇచ్చారు. జాద్ అంటే దారి బత్తెం, రాహిలా అంటే సవారీ. ఎంత ఆరోగ్యవంతుడైనా, ఎంత దైవభక్తి గలవాడైనా, సవారీ లేని దూరవాసి మీద హజ్ విధి కాదని వారన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) మాత్రం, నడిచి చేరగలవాడు నడిచి వెళ్ళాలన్నారు. అయితే ఆయన మాటలో కూడా ‘నడవగలవాడు’ అనే షరతు ఉంది. కాలికి పుండు పడిన రోగి ఏ ఇమామ్ లెక్క ప్రకారం చూసినా స్తోమత గలవాడు కాదు.

ఇంకా ముందుకు పోయి ఫుఖహాలు ఏమన్నారంటే, వెళ్ళడానికి మాత్రమే కాదు, తిరిగి రావడానికి కూడా ఖర్చు ఉండాలి. తిరిగి వచ్చేదాకా ఇంట్లోవారి పోషణకూ ఉండాలి. అప్పుడే అది స్తోమత. ఎంత సూక్ష్మమైన చూపు! మనిషిని గమ్యం దగ్గర దించేసి చేతులు దులుపుకోవడాన్ని షరీఅత్ ప్రయాణంగా లెక్కించలేదు. సాయంత్రం ఆరుగంటలకు ఆసుపత్రి గేటు బయట మందుల సంచితో నిలబడి, ఆఖరి బస్సు పోయిందా అని అడిగే వృద్ధుడు ఈ నియమంలోని లోతును మనకంటే బాగా అర్థం చేసుకోగలడు.

మరి దైవమే తన హక్కును కోరేటప్పుడు దాసుని దారి ఖర్చును లెక్కలోకి తీసుకున్నాడు. అలాంటప్పుడు దాసులు దాసులకు హక్కులు ఇచ్చేటప్పుడు దారిని లెక్కించకపోవడం ఎంతవరకు సబబు?

ఇక్కడ చదువుకున్న పాఠకుడు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. “హజ్ విషయంలో సవారీ లేనివానికి విధి తొలగిపోతుంది. అంతేగానీ, వానికి సవారీ సమకూర్చాలని ఇతరుల మీద విధి కాదు కదా?” అని. ఇది సరైన ప్రశ్న. దీనికి జవాబు ఉసూల్ శాస్త్రంలో ఉంది. ఒక విధి ఏర్పడటానికే షరతుగా ఉన్నదాన్ని సంపాదించడం ఎవరిపైనా తప్పనిసరి కాదు. ఉదాహరణకు, జకాత్ చెల్లించడం కోసం ధనవంతుడు కావాలని ఎవరూ అనరు. కానీ విధి ఒకసారి ఏర్పడిన తర్వాత, అది ఏది లేకుండా పూర్తి కాదో దాన్ని సమకూర్చుకోవడం కూడా విధే అవుతుంది. నమాజ్ విధి అయినవాడు వుజూ నీళ్ళు వెతుక్కోవలసిందే.

కాబట్టి మనం తేల్చుకోవలసింది ఒక్కటే. మాజీ సైనికునికి చికిత్స చేయించే బాధ్యత ఇంకా ఏర్పడనిదా, ఇప్పటికే ఏర్పడినదా?

హక్కా, ఉపకారమా?

ఆ పథకం పేరులోనే జవాబు ఉంది. అది సభ్యులు తమ వాటా చెల్లించే పథకం. సైనికుడు పదవీ విరమణ సమయంలో తన హోదాను బట్టి కొంత మొత్తం కడతాడు. అంటే ఇది ఒక ఒప్పందం. విశ్వసించినవారు తమ ఒప్పందాలను నెరవేర్చాలని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశించింది (5:1). ధనం తీసుకున్నాక, సేవ తీసుకున్నాక, బాధ్యత ఏర్పడిపోయింది. ఇక చికిత్స దేనివల్ల పూర్తవుతుందో అది కూడా ఆ బాధ్యతలో భాగమే. వంద కోసుల అవతల వడ్డించిన విస్తరి చూపించి, ఆకలిగా ఉన్నవానితో నీకు భోజనం పెట్టామనడం ఒప్పందం నెరవేర్చినట్టు కాదు.

ధనం సంగతి ప్రక్కన పెట్టండి. సైనికుడు ఇచ్చినదాంట్లో అది అతి చిన్న భాగం. అతడు తన యవ్వనాన్ని ఇచ్చాడు. ఈ సందర్భంలో ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మ) తన ‘కితాబుల్ ఖరాజ్’లో నమోదు చేసిన సంఘటన గుర్తుకొస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ద్వారం వద్ద యాచిస్తున్న అంధ వృద్ధుణ్ణి చూశారు. అతడు ముస్లిం కాదు, యూదుడు. ఎందుకు యాచిస్తున్నావని అడిగితే వృద్ధాప్యం, అవసరం, జిజ్యా పన్ను అన్నాడు. ఉమర్ (రజి) అతణ్ణి చేయిపట్టి ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చారు. తర్వాత బైతుల్ మాల్ అధికారికి కబురు పంపారు. ఇతని యవ్వనపు సంపాదన మనం తిని, ముసలితనంలో ఇతణ్ణి వదిలేస్తే అది న్యాయం కాదన్నది ఆయన మాటల సారాంశం. అతనిపై, అతనిలాంటి వారిపై పన్ను రద్దు చేశారు.

ఉమర్ (రజి) ఆ సహాయాన్ని దయగా చూపలేదు, న్యాయంగా చూపారన్నది గమనించండి. పన్ను కట్టిన వాని యవ్వనానికే అంత హక్కు ఉంటే, సరిహద్దులో మంచులో నిలబడిన యవ్వనానికి ఎంత హక్కు ఉండాలి? ఆ ఉమరే (రజి) హి.శ. 20 ప్రాంతంలో ‘దీవాన్’ అనే రిజిస్టరును ఏర్పాటు చేసి, సైనికులకు, వారి కుటుంబాలకు వార్షిక భత్యాలు నిర్ణయించారు. యూఫ్రటీస్ తీరాన ఒక మూగజీవి నశించినా దాని గురించి దైవం తనను ప్రశ్నిస్తాడని భయపడిన పాలకుడాయన.

తోడు సంగతి కూడా చరిత్రలో ఉంది. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (క్రీ.శ. 705-715) లేవలేని ప్రతి వికలాంగునికి ఒక సేవకుణ్ణి, ప్రతి అంధునికి దారి చూపే మనిషిని నియమించినట్టు తబరీ రాశారు. పదమూడు వందల ఏళ్ళ క్రితమే దారి చూపడం ప్రభుత్వ ఖర్చుల్లో ఒక పద్దుగా ఉండింది.

మన దేశంలోనూ ఈ సూత్రం కొత్తదేమీ కాదు. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి, డయాలసిస్ రోగికి రైలు చార్జీలో రాయితీ ఉంది. వెంట వెళ్ళే సహాయకునికి కూడా ఉంది. అంటే దారి ఖర్చు చికిత్సలో భాగమని, తోడు కూడా భాగమని రైల్వేశాఖ ఎప్పుడో అంగీకరించింది. అయితే వృద్ధులకు ఉండిన రాయితీని 2020 మార్చిలో ఆపివేశారు. ఇల్లత్, అంటే కారణం, ఒకటే అయినప్పుడు ఆదేశం కూడా ఒకటే కావాలన్నది ఖియాస్ నియమం. దూరం, రోగం, అశక్తత ఇక్కడా అవే.

గాయపడిన సైనికుడు, ప్రవక్త (స) ఆదర్శం

హి.శ. 5లో ఖందక్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళానికి బాణం తగిలింది. మహాప్రవక్త (స) ఆయన కోసం మస్జిదులోనే గుడారం వేయించారు. దగ్గరగా ఉంటే తరచుగా పరామర్శించవచ్చని అలా చేసినట్టు బుఖారీ హదీసులో ఉంది. గాయపడిన వారికి సేవ చేసే రుఫైదా (రజి) అనే మహిళ గుడారంలో ఆయనను ఉంచినట్టు సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. రోగిని దూరంగా పంపకుండా చికిత్సనే దగ్గరికి తీసుకురావడం మొదటి పాఠం.

తర్వాత ఒక తీర్పు కోసం ఆయనను పిలిపించవలసి వచ్చింది. గాయంతో ఉన్న మనిషి. గాడిదపై ఎక్కించి తీసుకువచ్చారు. కూర్చోవడానికి ఇబ్బంది కలగకుండా తోలు దిండు అమర్చారని ఇబ్నె ఇస్హాఖ్ రాశారు. ఆయన దగ్గరికి రాగానే, లేచి మీ నాయకునికి ఎదురు వెళ్ళమని ప్రవక్త (స) అన్సారులను ఆదేశించారు. ఆయనను సవారీపై నుండి దించమని కూడా చెప్పినట్టు ముస్నద్ అహ్మద్ ఉల్లేఖనంలో ఉంది. ఎక్కించేవారు, దిండు వేసేవారు, ఎదురు వెళ్ళేవారు, పట్టుకుని దించేవారు. ఇదీ గాయపడిన సైనికుని ప్రయాణం జరగవలసిన తీరు.

ఈ పనికి పుణ్యం ఎంత? సూర్యుడు ఉదయించే ప్రతి రోజూ మనిషి ప్రతి కీలుపైనా ఒక సదఖా బాకీ ఉంటుందని, ఒక మనిషిని అతని సవారీపై ఎక్కించడం, అతని సామాను అందించడం కూడా సదఖాయేనని బుఖారీ, ముస్లిం హదీసుల భావం. మన కీళ్ళ బాకీని కీళ్ళు అరిగిన వానికి చేయందించి తీర్చుకోవచ్చన్నమాట.

రెండు అభ్యంతరాలు

మొదటిది: “వారికి పింఛను వస్తున్నది కదా, ఇంకా ఉచితమెందుకు?” అంటారు. పింఛను చేసిన సేవకు ప్రతిఫలం. చికిత్స మరో ఒప్పందం. ఒక బాకీ తీర్చినంత మాత్రాన రెండో బాకీ తీరిపోదు. పైగా అందరి పింఛను ఒకటి కాదు. పెద్ద అధికారికి కారు ఉంటుంది, సిపాయి వితంతువుకు కుటుంబ పింఛను మాత్రమే ఉంటుంది. హక్కుగా ఇచ్చేటప్పుడు ఇద్దరికీ ఇవ్వాలి. కానీ బండిలో సీట్లు తక్కువ ఉన్నప్పుడు ముందు లేవలేనివానికి, ఆ తర్వాత లేనివానికి ఇవ్వాలి. హక్కులో సమానత్వం, వంతులో అవసరం. ఇదే న్యాయం.

రెండవ అభ్యంతరం బరువైనది: “ఒక్క సైనికునికేనా? బీడీలు చుట్టి ఊపిరితిత్తులు పాడయిన తల్లి సంగతేమిటి? సింగరేణి గనుల్లో నడుము విరిగిన కార్మికుని మాటేమిటి? గల్ఫ్ నుండి కిడ్నీలు పోగొట్టుకొని వచ్చిన కొడుకు మాటేమిటి? వాళ్ళు దేశానికి ఏమీ ఇవ్వలేదా?” ఇచ్చారు. ఈ మాటను తేలికగా తీసిపారేయలేం. అయితే ఒకరికి ప్రత్యేక హక్కు ఉండటం ఇతరుల సాధారణ హక్కును రద్దు చేయదు. పొరుగువానికి ఒక హక్కు ఉంది. బంధువయిన పొరుగువానికి రెండు ఉన్నాయి. రెండోవానిది చెల్లిస్తే మొదటివానిది తగ్గదు. సైనికునితో ఒప్పందం ఉంది కనుక అతని దావా ముందుగా, సూటిగా వినిపిస్తుంది. అది తలుపు తెరిస్తే ఇతరులకూ దారి దొరుకుతుంది.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు ఇక్కడ మార్గం చూపుతుంది. ఒక ప్రయాణంలో ఒక మనిషి తన ఒంటెపై వచ్చి అటూ ఇటూ చూడసాగాడు. అప్పుడు ప్రవక్త (స), అదనపు సవారీ ఉన్నవాడు దాన్ని లేనివానికి ఇవ్వాలని, అదనపు ఆహారం ఉన్నవాడు దాన్ని లేనివానికి ఇవ్వాలని బోధించారు. ఇలా ఎన్నో రకాల సొమ్ములను పేర్కొనగా, అవసరానికి మించిన దేనిపైనా తమకు హక్కు లేదేమోనని సహాబాలకు అనిపించిందట. ఆ మనిషి నోరు తెరిచి అడిగినట్టు హదీసులో లేదు. అతని చూపులే అతని అర్జీ. జగిత్యాల నుండి కరీంనగర్‌కు మాజీ సైనికుణ్ణి తీసుకుపోయే బండిలో ఒక సీటు ఖాళీగా ఉంటే, ఆ సీటుపై దారిలో నిలబడిన బీడీ కార్మికురాలికి హక్కు ఉంది. ఖాళీ సీటుకు కులం లేదు, మతం లేదు.

ప్రభుత్వమా, ప్రజలా?

బాధ్యత ప్రభుత్వానిదయితే మనం ఎందుకు పూనుకోవాలని ఎవరైనా అడగవచ్చు. మనమే చేస్తే ప్రభుత్వం తప్పించుకోదా?

అమెరికాలో ఇలాంటి పరిస్థితే వచ్చింది. మాజీ సైనికులను ఆసుపత్రులకు చేర్చే ఖర్చులో ప్రభుత్వం కోత విధించినప్పుడు, 1987లో వికలాంగ మాజీ సైనికుల సంఘం ఒకటి (డి.ఎ.వి.) సొంత వాహనాలను నడపడం మొదలుపెట్టింది. నడిపేవారు స్వచ్ఛంద సేవకులు, వారికి జీతం లేదు. వారిలో చాలామంది తామే మాజీ సైనికులు. ఆ సేవ నేటికీ నడుస్తోంది. ఆ తర్వాత ప్రభుత్వ మాజీ సైనికుల శాఖ కూడా సొంతంగా రవాణా సేవను ఏర్పాటు చేసుకుంది. ప్రజల సేవ ప్రభుత్వ బాధ్యతను చెరిపివేయలేదు. ఆ పని సాధ్యమేనని చూపించి, అడిగే గొంతుకు బలమిచ్చింది.

ఫర్జె కిఫాయా అంటే ఇదే. సమాజం మొత్తంపై ఉన్న బాధ్యత. కొందరు పూర్తి చేస్తే అందరి తలపై నుండి దిగిపోతుంది. ఎవరూ చేయకపోతే తెలిసినవారు, శక్తి ఉన్నవారు అందరూ దోషులే. మునిగిపోతున్నవాణ్ణి చూసి, ఈత నేర్పవలసింది ప్రభుత్వమని గట్టుపై కూర్చునేవాడు న్యాయం మాట్లాడుతున్నాడేమో గానీ న్యాయం చేయడం లేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టాలి, మరో చేత్తో అర్జీ రాయాలి. ఒకటి చేసి రెండోది మానేస్తే, పని సగమే జరుగుతుంది.

జకాత్ ధనం వాడవచ్చా?

ఇది తప్పక వచ్చే ప్రశ్న కనుక స్పష్టంగా చెప్పుకోవాలి. జకాత్ ఎవరికి ఇవ్వాలో దైవమే నిర్ణయించాడు (9:60). హనఫీ పండితుల ప్రకారం జకాత్‌లో ‘తమ్లీక్’ షరతు ఉంది. అంటే అర్హుడైన పేదను ఆ ధనానికి యజమానిని చేయాలి. అందువల్ల జకాత్ సొమ్ముతో సంఘం పేర బండి కొనడం, డీజిలు పోయించడం సరికాదు. జకాత్‌కు అర్హుడైన పేద ముస్లిం రోగి చేతికి ప్రయాణ ఖర్చు ఇవ్వవచ్చు, దానితో అతడు బండి మాట్లాడుకుంటాడు.

బండి కోసం, ఇంధనం కోసం సాధారణ సదఖా, విరాళాలు, వక్ఫ్ మార్గాలు ఉన్నాయి. సాధారణ సదఖాను ముస్లిమేతర సోదరులకూ ఇవ్వవచ్చు. శత్రుత్వం వహించని వారిపట్ల మేలుగా, న్యాయంగా వ్యవహరించడాన్ని ఖుర్‌ఆన్ ప్రోత్సహించింది (60:8). మన ఊళ్ళలో మాజీ సైనికుల్లో అత్యధికులు హిందూ సోదరులే. బండి తలుపు వద్ద పేరు చూసి లోపలికి రానివ్వడం మన ధర్మం కాదు. ఇక చరాస్తులను వక్ఫ్ చేయవచ్చా అంటే, హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తన కవచాలను, యుద్ధ సామగ్రిని దైవమార్గంలో వక్ఫ్ చేసినట్టు హదీసులో ఉంది. ఒక సైనికుని కవచం వక్ఫ్ కాగలిగితే, ఒక సైనికుని కోసం బండి ఎందుకు కాకూడదు?

చేయదగిన పనులు

1. ప్రతి మండలంలో మాజీ సైనికులు, వారి వితంతువులు ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఒంటరిగా ప్రయాణించలేరో జాబితా రాసుకోవాలి. సైనిక సంక్షేమ కార్యాలయం వారిని, ఊరి మాజీ సైనికుల సంఘాన్ని సంప్రదిస్తే ఈ పని తేలికవుతుంది.

2. ఒకే వైపు వెళ్ళే నలుగురి తేదీలు కలిసేలా చూడాలి. ఒక బండిలో నలుగురు వెళితే ఖర్చు నాలుగో వంతు అవుతుంది, తోడు కూడా దొరుకుతుంది.

3. సొంత కారులో తీసుకువెళ్ళేవారు కిరాయి తీసుకోకూడదు. సొంత వాహనాన్ని కిరాయికి తిప్పడం చట్ట విరుద్ధం. లైసెన్సు, బీమా సరిగా ఉండాలి. రోగి ప్రాణం మీ చేతిలో అమానత్.

4. బయలుదేరే ముందు పథకం కార్డు, రెఫరల్ చీటీ, పాత మందుల కాగితాలు చూసుకోమని గుర్తు చేయాలి. ఒక్క కాగితం మరచిపోతే మొత్తం ప్రయాణం వృథా అవుతుంది.

5. తిరిగి ఇంటి గుమ్మం దాకా చేర్చాలి. దారిలో దించేయడం సగం సేవ.

6. దూరపు మండలాలకు నెలకు ఒకసారైనా మందులు చేరేలా చూడాలని, చికిత్సకు వెళ్ళే రోజున బస్సు టికెట్ మినహాయించాలని ప్రజాప్రతినిధులకు, అధికారులకు రాతపూర్వకంగా కోరాలి. 1949 నుండి ప్రతి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం జరుగుతోంది. ఆ రోజు జెండా గుర్తు పెట్టుకోవడంతో పాటు ఈ అర్జీ కూడా ఇవ్వడం మంచిది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మర్యాద. దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని ఖుర్‌ఆన్ హెచ్చరించింది (2:264). వృద్ధుణ్ణి బండిలో ఎక్కిస్తూ ఫోటో తీసి పదిమందికి పంపడం కూడా దెప్పిపొడుపులో ఒక రకమే. జీవితమంతా తలెత్తుకుని నిలబడినవాడు ఆయన. ఒక్క పూట ప్రయాణం కోసం ఆయన తల దించేలా చేస్తే, మనం ఇచ్చిందానికంటే తీసుకున్నదే ఎక్కువ అవుతుంది. ఆయన మనకు రుణపడలేదు, మనమే ఆయన బాకీలో కొంత తీరుస్తున్నాం.

చివరగా, తబూక్‌కు వెళ్ళలేక మదీనాలో ఉండిపోయినవారి గురించి ప్రవక్త (స) తిరుగు ప్రయాణంలో చెప్పిన మాట భావాన్ని మననం చేసుకుందాం. మీరు నడిచిన ప్రతి దారిలో, దాటిన ప్రతి లోయలో వారు మీతోనే ఉన్నారని, అశక్తత మాత్రమే వారిని ఆపిందని ఆయన అన్నారు. సవారీ లేనివాణ్ణి దైవం లెక్కలో వదిలిపెట్టలేదు. మరి సవారీ ఉన్నవాణ్ణి వదిలిపెడతాడా? వాకిట్లో బండి నిలిపి ఉన్న ప్రతి ఒక్కరం ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవలసిందే.

హక్కుదారులకు వారి హక్కును గుమ్మం దాకా చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.